వదిన నాలుక

మాఘ పౌర్ణమి పోటు

పోటు పోటుకీ వంటింటి సంగతులు రాసి పంపాలని సంఘం వారి ఉత్తర్వు. రాస్తున్నాను. నా పేరు మంగతాయారు. నాలుగో వరసలో, పడవ కట్టుకునే గుంజ విరిగిపోయి ఉన్న ఇల్లు మాదే. ఆ గుంజ సంగతి కూడా మీకు ఎన్నోసార్లు రాశాను, ఎవరూ రాలేదు. ఉప్పు సంగతికి మాత్రం పిలవకుండానే వచ్చారు.

ఇంట్లో ఇద్దరం ఉంటాం, నేనూ మా ఆయన అక్కగారు రాఘవమ్మ వదినా. సముద్రానికి అడ్డుగోడ కడుతున్నప్పుడు మా ఆయన పోయాడు. అప్పటినుంచీ ఒకరికొకరం. వదిన పెళ్ళి చేసుకోలేదు. సంబంధం కుదిరి, కాబోయే అత్తవారింట్లో భోజనానికి కూర్చున్నప్పుడు పప్పులో ఉప్పు తక్కువైందని అందరికీ వినపడేలా అందట. సంబంధం ఆ విస్తరి దగ్గరే తప్పిపోయింది. ఇప్పటికీ తలుచుకుని నవ్వుతుంది. "తక్కువైంది మరి, ఏం చెయ్యమంటావే?" అంటుంది.

ఇవాళ మా వరసకి ఆరోగ్యం చూడటానికి మీరు పంపే షాహిదా వచ్చి వదిన మణికట్టుకి పట్టీ కట్టింది. మళ్ళీ ఎర్రగా వెలిగింది. ఇది రెండోసారి. మా ఊళ్ళో పోటు రెండు రకాలు, ఒకటి సముద్రానిది, ఒకటి ఒంటిది, అదే రక్తపోటు. వదినకి రెండోది ఎక్కువైంది.

"పెద్దమ్మగారూ, కిడ్నీలు అలిసిపోతున్నాయండీ. ఇంకోసారి ఎర్రగా వస్తే నా చేతుల్లో ఉండదు. గట్టుకి పంపించేస్తారు" అంది షాహిదా. మంచి పిల్లే, చెప్పేటప్పుడు తలొంచుకుంది.

గట్టంటే చప్పిడి గట్టు. ఉప్పు పడని వాళ్ళందరినీ తీసుకెళ్ళి ఎగువన ఉంచుతారు. ఏడాదికొకసారి పడవ వేస్తారు చూసి రావడానికి. అక్కడ వాళ్ళు బాగానే ఉంటారట. బాగానే ఉంటారు గానీ ఇక్కడ ఉండరు కదా. వదిన వెళ్ళిపోతే నేను పొద్దున్న లేచి ఎవరితో తగువాడాలి? నాకు భయంగా ఉంది. ఇది కూడా రాసుకోండి.

మాఘ అమావాస్య పోటు

మా గోడకి కొత్త ఉప్పుపెట్టె బిగించి వెళ్ళారు. కిటికీ తీస్తే కనుచూపు మేరా ఉప్పునీళ్ళే, వంటింట్లో ఉప్పు మాత్రం తాళంలో, పూటకింతని పెట్టే కొలిచి ఇస్తుంది. మునిగిపోయిన ఫ్యాక్టరీల విషమంతా ఆ నీళ్ళలోనే ఉంది. మరగబెట్టి ఉప్పు తీసుకు తిన్నవాళ్ళు ఏమయ్యారో అందరం చూశాం. కాబట్టి మీరు పెట్టిందే తింటాం, దానికి నాకు పేచీ లేదు.

ఉప్పు తగ్గించడం వదినకి చెప్పే చేద్దామని మొదట గట్టిగానే అనుకున్నాను. "వదినా, ఇవాళ్టినుంచి ఉప్పు సగమే" అని చెప్పి వంకాయ కూర వండి పెట్టాను. ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని, కంచం నెమ్మదిగా పక్కకి జరిపింది.

"ఇది తిని బతికే బదులు నన్ను ఆ గట్టుకే పంపించెయ్యవే. అక్కడైతే వండేవాళ్ళు పరాయివాళ్ళు, తిట్టుకోవచ్చు."

"తింటే నాలుగేళ్ళు బతుకుతావు."

"ఎందుకు బతకాలే చప్పగా?"

నాకు ఒళ్ళు మండింది. నేనూ ఉప్పూ కారం తింటున్నదాన్నే. నీ కోసం కాదు, నా కోసం బతుకు అందామనుకున్నాను. కంచం తీసి కడిగేశాను. ఆ పూట పస్తు పడుకుంది, మర్నాడూ అంతే. మూడోనాటికి నేనే లొంగిపోయి పాత కొలత ప్రకారం వండాను.

ఆవిడ నిద్రపోయాక పెట్టె ముందు నిలబడ్డాను. దాని మీద అక్షరాలు వెలుగుతున్నాయి. చెప్పి తగ్గించాలా, చెప్పకుండా తగ్గించాలా అని అడుగుతోంది. వారం వారం నలుసంత తగ్గిస్తుందట, మనిషికి తెలియనే తెలియదట. నేను రెండోదాని మీద వేలు పెట్టాను.

ఫాల్గుణ పౌర్ణమి పోటు

తెలియదన్నారు. ఎవరికి తెలియదో మా వదినని చూసి చెప్పండి.

మా వరసలో ఎవరు ఏం వండినా, ఊరబెట్టినా, మా కిటికీ కింద పడవ ఆపి "రాఘవమ్మగారూ, కాస్త ఉప్పు చూడండి" అంటారు. వదిన చెయ్యి చాపుతుంది, అరచేతిలో ఓ చుక్క వేస్తారు, నాలిక్కి రాసుకుని కళ్ళు మూసుకుంటుంది. "ఇంకో నాలుగు రాళ్ళు వెయ్యి" అంటే వేస్తారు. "దింపెయ్" అంటే దింపేస్తారు. మీ గోడౌన్ ఉప్పు ఒక్కో విడత ఒక్కో తీరుగా వస్తుంది, తూకం నమ్ముకుంటే లాభం లేదు. పెట్టె ఉప్పు ఇస్తుందే గానీ ఉప్పు చూడదు. చూసేది మా వదినే. ఆవిడ గర్వమంతా ఆ నాలుక చివరే ఉంటుంది.

నిన్న పులుసు కలుపుకుంటూ ఆగింది.

"తాయారూ, ఉప్పు వేశావా?"

"వేశాను."

"ఎంత?"

"రోజూ వేసేంతే."

నా మొహంలోకి చూసింది. నేను తోటకూర కాడలు ఏరుకుంటున్నట్టు తలొంచుకున్నాను. "సరేలే, నోరు బాగాలేదేమో" అనుకుంది తనలో తనే. తినేసింది. కంచం ఖాళీ అయినందుకు నాకు సంతోషం వేసింది, ఆ సంతోషం చూసి సిగ్గూ వేసింది.

ఉగాది

పోటు రోజు కాదు, అయినా రాస్తున్నాను.

డాబా మీద తొట్టెలో ఉన్న వేపచెట్టు ఈసారి బాగా పూసింది. పచ్చడి నేనే చేశాను. వదిన గిన్నెలోంచి వేలితో తీసుకుని చిన్నప్పటి అలవాటు కొద్దీ రుచులు లెక్కపెట్టింది.

"తీపి. పులుపు. ఇదిగో చేదు. వగరు, పిందె బాగుంది. కారం." ఆగింది. మళ్ళీ నాలిక్కి రాసుకుంది. "ఆరోది రావట్లేదే."

నేను గిన్నె మీద మూత పెట్టబోయాను.

"తాయారూ, నువ్వు చూడు. ఉప్పుందా ఇందులో?"

పండగ పూట, కొత్త చీర కట్టుకుని, చిన్నపిల్లలా వేలు పైకెత్తి అడిగింది. లేదు వదినా, నేనే తగ్గించాను అని చెప్పి ఉంటే కంచాలు ఎగిరేవి, రెండు రోజులు మాటలుండేవి కావు, తర్వాత కలిసిపోయేవాళ్ళం. మేం ఎన్నిసార్లు అలా కలిసిపోలేదు? కానీ పట్టీ ఎర్రగా వెలగడం కళ్ళముందు మెదిలింది.

"ఉందిగా వదినా. నాకు బాగానే తెలుస్తోంది" అన్నాను.

వేలు దించేసింది. కొంగుతో తుడుచుకుంది. "ఓహో" అంది, అంతే. ఆ ఓహో విన్నాక నా వాటా పచ్చడి గిన్నెలోనే వదిలేశాను.

చైత్ర పౌర్ణమి పోటు

చివరింటి తాతబ్బాయిగారి మనవరాలికి చెవులు కుట్టించారు. ఆయన మా వరసకి పెద్ద. నాకు జలుబు చేసి వెళ్ళలేదు, వదిన వెళ్ళింది. తిరిగొచ్చేటప్పుడు మెట్లెక్కే చప్పుడులోనే తెలిసింది, మనిషి హుషారుగా ఉందని.

"తాయారూ! తెలిసిందే! వాళ్ళింట్లో సాంబారులో ఉప్పు తెలిసింది. కమ్మగా, ఎంతుండాలో అంత. నాలిక్కి ఏమీ కాలేదే, బాగానే ఉంది!"

నా చేతులు పట్టుకుని ఊపేసింది. ఇప్పుడు ఆలోచిస్తుంది, వాళ్ళింట్లో తెలిసి మనింట్లో ఎందుకు తెలియట్లేదని. అలా ఆలోచిస్తే అంతా బయటపడుతుంది. పెట్టె దగ్గరికి వెళ్తుంది, నన్ను నిలదీస్తుంది, మళ్ళీ పాత కొలత అంటుంది, పట్టీ ఎర్రబడుతుంది. ఇదంతా తలుచుకునేలోపే నా నోట్లోంచి మాట వచ్చేసింది.

"వాళ్ళింట్లో ఉప్పు కుమ్మరిస్తారు వదినా. మొన్న వాళ్ళ పప్పు నేను నోట్లో పెట్టలేకపోయాను. అంత వేస్తే ఎవరికైనా తెలుస్తుంది."

చేతులు వదిలేసింది. కుర్చీలో కూర్చుంది.

"అంతేనంటావా? నాకు తెలిసిందంటే అది ఎక్కువైనట్టేనా?"

"అంతే వదినా."

ఇంతకంటే పాపిష్టి మాట నా జన్మలో అనలేదు. ఎదురుగా ఉండగానే మనిషికి తన నాలుక మీదున్న నమ్మకం లాగేసుకున్నాను.

చైత్ర అమావాస్య పోటు

పట్టీ పచ్చగా వెలిగింది. షాహిదా చప్పట్లు కొట్టింది. వదిన కాళ్ళ వాపు తగ్గింది, మెట్లు ఆయాసం లేకుండా ఎక్కుతోంది, పొద్దున్నే తలనొప్పి అనడం లేదు. మీరు చెప్పినవన్నీ జరిగాయి, కాదనను. ఉప్పు తగ్గితే మనిషి బాగుపడుతుంది. నా కళ్ళతో చూశాను.

కానీ కిటికీ మూసేసింది. కింద పడవ ఆగి "ఉప్పు చూడండి" అంటే, "నా నాలుక పోయిందమ్మా, ఇంకెవరినైనా అడగండి" అంటోంది. నిన్న ఓ అమ్మాయి చేపల పులుసు గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నవ్వుతుందనుకుంది కాబోలు, వదిన ఎప్పుడూ ఏదో ఒక హాస్యం ఆడుతుంది కదా. వదిన నవ్వలేదు.

భోజనం దగ్గర కూడా తగువు లేదు. ఏం పెడితే అది తింటోంది. "బాగుందా?" అంటే "నీకెలా ఉంది?" అంటుంది. "బాగుంది" అంటే "అయితే బాగుంది" అంటుంది. ఇన్నాళ్ళూ ఈవిడ వంకలతో విసిగిపోయిన దాన్ని, ఇప్పుడు ఒక్క వంక పెడితే చాలని చూస్తున్నాను.

గట్టు భయం తీరింది కదా, చెప్పేద్దామని రోజూ అనుకుంటున్నాను. చెప్తే ఇంత మంచిగా తింటున్నది మానేస్తుందేమోనని రేపటికి వాయిదా వేస్తున్నాను.

వైశాఖ పౌర్ణమి పోటు

వరస మొత్తానికి ఒకటే ఆవకాయ జాడీ. ఏడాది పొడుగునా ఇంటింటా చిటికెడు చిటికెడు మిగిల్చిన ఉప్పంతా అందులోకే పోతుంది. డాబాల మీద తొట్టెల్లో కాసిన కాయలు కోసి, తాతబ్బాయిగారి అరుగు మీద కలుపుతారు. మూడోనాడు తిరగకలిపి ఉప్పు చూస్తారు. చూసేది ఎప్పుడూ వదినే. ఆవిడ తలూపాకే మూతికి గుడ్డ కడతారు.

ఈసారి రానంది. తాతబ్బాయిగారే స్వయంగా పడవేసుకుని వచ్చారు.

"మీరు చూడందే గుడ్డ కట్టేది లేదండీ రాఘవమ్మగారూ."

"నా నాలుక చచ్చిపోయింది తాతబ్బాయిగారూ. మీకు తెలీదు."

"చస్తే చచ్చిందండీ. మీ చచ్చిన నాలుక మా బతికున్న నాలుకలకంటే నయమండీ, ఆయ్."

నేనే చీర కట్టించి తీసుకెళ్ళాను. ఇవాళ అక్కడ ఉప్పు తెలిస్తే మళ్ళీ ధైర్యం వస్తుందని నా ఆశ. నాకు తెలుసు కదా, ఆవిడ నాలిక్కి ఏమీ కాలేదని.

అందరూ చుట్టూ నిలబడ్డారు. అరచేతిలో ఊట వేశారు. నాలిక్కి రాసుకుని కళ్ళు మూసుకుంది. మొహం ముడుచుకుపోయింది.

"ఎక్కువైంది. చాలా ఎక్కువైంది."

తాతబ్బాయిగారు తనూ కాస్త చప్పరించారు. "నాకు సరిపోయినట్టే అనిపిస్తోందండీ."

"నా మాట వినండి. ఏమీ తెలియని నా నోటికే ఇంత మండుతోందంటే, మీకు ముద్ద దిగదు. ముక్కలు మిగిలాయా? ముక్కలూ కారం వేసి కలపండి, ఉప్పు మాత్రం వెయ్యకండి." అని నా వైపు తిరిగింది. "తాయారూ, నువ్వు చూడవే. నీ నాలుక మంచిదిగా."

చూశాను. నిజంగానే నా నాలిక్కీ చురుక్కుమంది.

"అవును, ఎక్కువే" అన్నాను.

"ఇద్దరూ అన్నాక ఇంక నేనెంతండీ" అని తాతబ్బాయిగారు మిగిలిన ముక్కలు తెప్పించి కలిపించారు. వదిన ఆ సాయంత్రం కొంచెం నవ్వింది. తన వల్ల ఇంకా ఉపయోగం ఉందనుకుంది.

వైశాఖ అమావాస్య పోటు

జాడీ విప్పారు. పైన తెల్లగా, అరచేతి మందాన బూజు. గరిటె పెడితే కిందిదాకా మెత్తబడి, పులిసిన వాసన. ఉప్పు చాలలేదు.

ఎవరూ వదినని ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. ఆడవాళ్ళు ముక్కులకి కొంగులు అడ్డం పెట్టుకున్నారు, జాడీని ఇద్దరు మోసుకెళ్ళి సముద్రంలో ఒంపేశారు. ఏడాది ఉప్పు, ఏడాది కాయలు. వచ్చే ఎండాకాలం దాకా ఈ వరసలో ఎవరి కంచంలోనూ ఎర్రటి ముద్ద ఉండదు. చెవులు కుట్టించుకున్న ఆ పిల్ల ఏడుస్తుంటే ఎత్తుకుని లోపలికి తీసుకెళ్ళిపోయారు.

వదిన ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకుంది.

మధ్యాహ్నం షాహిదా వచ్చింది. పట్టీ మళ్ళీ పచ్చగానే వెలిగింది. ఆ పిల్లని వసారాలోకి లాక్కెళ్ళి జరిగిందంతా చెప్పాను.

"నాలుక పాడవడం కాదు పిన్నిగారూ, బాగుపడటం. మూడు నెలలు తక్కువ తింటే నాలుక దానికి అలవాటు పడుతుంది. ఇదివరకు సరిపోయిందే ఇప్పుడు ఎక్కువనిపిస్తుంది. మీరూ అదే వంట తింటున్నారుగా, ఇద్దరికీ అంతే. పెద్దమ్మగారికి తెలిసి ఉంటే ఆవిడే సర్దుకుని చెప్పేవారు, అంత నేర్పున్న మనిషి."

"ముందే చెప్పకపోయారా మీరు? చెప్పకుండా తగ్గించమంది మీ పెట్టేగా!"

షాహిదా పట్టీ చుట్టి సంచిలో పెట్టుకుంది. "చెప్పకుండా తగ్గించమన్నాం పిన్నిగారూ. అడిగితే అబద్ధమాడమని ఎక్కడా అనలేదండీ" అంది.

సంఘం వారూ, ఈ పోటుకి ఇంతే.

జ్యేష్ఠ పౌర్ణమి పోటు

చెప్పేశాను. వదిన ఒక్కదానికే కాదు, అందరి ముందూ చెప్పాలనుకున్నాను. ఆవిడ పరువు పోయింది అందరి ముందే కదా.

తాతబ్బాయిగారి అరుగు మీద వరస మొత్తం కూడింది. వదినని చెయ్యి పట్టుకుని పడవెక్కించి తీసుకెళ్ళాను. లేచి నిలబడి మొదటినుంచీ చెప్పాను. పెట్టె మీద నేను పెట్టిన వేలు, పులుసు, ఉగాది పచ్చడి, చెవులు కుట్టించిన నాటి సాంబారు. ఆవిడ నాలుక ఏనాడూ చావలేదనీ, చంపింది నా మాటలేననీ, జాడీ పాడైంది నా వల్లేననీ చెప్పాను. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

అప్పుడు వదిన మెల్లగా లేచి నా భుజం మీద చెయ్యి వేసింది.

"కూర్చోవే పిచ్చిదానా" అని అందరి వైపూ తిరిగింది. "మా తాయారుకి అబద్ధమాడటం చేతకాదు. ఇన్నేళ్ళలో ఒక్క అబద్ధం ఎరగను దాని నోట. ఇవాళ నా పరువు నిలబెడదామని నా తప్పు నెత్తిన వేసుకుంటోంది."

"కాదు వదినా! షాహిదాని అడుగు!"

"ఆ పిల్ల నీ మాట కాదంటుందా?"

తాతబ్బాయిగారు పైపంచెతో కళ్ళు ఒత్తుకున్నారు. "ఇలాంటి మరదలు ఎవరికి దొరుకుతుందండీ ఈ రోజుల్లో" అన్నారు. ఆడవాళ్ళు దగ్గరికొచ్చి నా తల నిమిరారు. ఒకావిడ ఇంట్లోంచి బెల్లం ముక్క తెచ్చి నా నోట్లో పెట్టింది. నేను కాదు కాదంటున్నకొద్దీ వాళ్ళ కళ్ళలో నా మీద గౌరవం పెరుగుతోంది.

ఇంటికొచ్చాక రెండు రోజులు నా వాటా ఉప్పు దాచాను. పాత కొలత ప్రకారం పప్పు వండాను, వదిన ఇష్టంగా తినేనాటి పప్పు. నేనే కలిపి ముద్ద చేసి చేతిలో పెట్టాను. రుజువు అడగకపోయినా రుజువు చూపించాలి కదా. నోట్లో పెట్టుకుంది, వెంటనే కిటికీలోంచి ఊసేసింది.

"చేదుగా ఉందే. చూశావా, ఉప్పు కూడా చేదుగా తగుల్తోంది ఈ నోటికి."

"అది చేదు కాదు వదినా. అది నీ పాత ఉప్పు. నీ నోరు మారింది, అంతే. నీ నాలుక బతికే ఉంది, నన్ను నమ్ము."

"నిన్ను కాక ఎవర్ని నమ్ముతానే?" అంది. నీళ్ళు పుక్కిలించి వచ్చి నా పక్కన కూర్చుంది. నా చెయ్యి తీసుకుని, వేళ్ళకంటుకున్న మెతుకులు తుడిచింది. "నా కోసం వరసలో అందరి ఎదుటా ఒక అబద్ధమాడావు, చాలు. ఇంట్లో కూడా ఎందుకు? ఇకనుంచి నువ్వు ఎలా ఉందంటే, నాకూ అలాగే ఉంది."